పిల్లలకు మొదటి విల్లు కొంటున్నారా? డబ్బులు కట్టే ముందు ఈ లెక్కలు తెలుసుకోండి!

భద్రాచలం: గోదావరి ఒడ్డున కొలువైన భద్రాద్రి రాముడి చేతిలో విల్లు ఉంటుంది. ఆ గుడి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవిలోకి వెళ్తే కోయ గూడేల్లో ఇప్పటికీ విల్లు కనిపిస్తుంది. వానాకాలం మొదట్లో వచ్చే భూమి పండుగకు పెద్దవాళ్లు దాన్ని బయటకు తీస్తారు. ఇక్కడి పిల్లలకు విల్లు కొత్త వస్తువేమీ కాదు. కానీ అదే విల్లు ఇప్పుడు ఆటగా, పతకంగా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగంగా మారింది. దీంతో 'మా అబ్బాయికి ఆర్చరీ నేర్పిద్దాం', 'మా అమ్మాయికి ఒక విల్లు కొనిద్దాం' అనుకునే తల్లిదండ్రులు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ ఉన్నారు.

అయితే అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఏ విల్లు కొనాలి? ఎంత పెట్టాలి? ఫోన్‌లో ఆన్‌లైన్ షాపింగ్ యాప్ తెరిస్తే 500 రూపాయల బొమ్మ విల్లు నుంచి లక్షలు పలికే పోటీ విల్లు దాకా వరుసగా కనిపిస్తాయి. ఫొటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. పత్తి అమ్మిన డబ్బుతోనో, చీటీ పాడిన డబ్బుతోనో తప్పు విల్లు కొంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు. బలానికి మించిన విల్లు లాగితే పిల్లల భుజం దెబ్బతింటుంది. నాలుగు రోజులకే 'ఇది నా వల్ల కాదు' అని ఆట మానేస్తారు. మరి మొదటి విల్లు ఎలా ఎంచుకోవాలి? తక్కువ ఖర్చులో ఎలా మొదలుపెట్టాలి? వివరంగా తెలుసుకుందాం.

వెదురు విల్లుతో మొదలై ఒలింపిక్స్ దాకా

'లక్షలు పెడితేనే ఆర్చరీ' అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. అది సగమే నిజం. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతానికి చెందిన గిరిజన ఆర్చర్ లింబా రామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతోనే అడవిలో గురి నేర్చుకున్నాడు. 1987లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ట్రయల్స్‌లో ఎంపికయ్యాక అతని దారి మారిపోయింది. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. 2012లో పద్మశ్రీ కూడా అందుకున్నాడు.

జార్ఖండ్ అమ్మాయి దీపికా కుమారిది కూడా దాదాపు ఇలాంటి కథే. తండ్రి ఆటో డ్రైవర్. ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతో మొదలుపెట్టి అకాడమీలో సీటు సంపాదించింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో 16 ఏళ్లకే రెండు బంగారు పతకాలు గెలిచింది. 2012 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్ ఆడింది.

మన తెలుగువాళ్లూ తక్కువేం తినలేదు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది. అదే విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్‌లో అండర్-21 కాంపౌండ్ విభాగంలో బంగారం గెలిచింది.

వీళ్లలో ఎవరూ మొదటి రోజే పోటీ విల్లు పట్టుకుని పుట్టలేదు. ఖరీదైన కిట్ అవసరమే. కానీ అది మొదటి మెట్టు కాదు, మూడో మెట్టో నాలుగో మెట్టో.

ముందు మూడు రకాల విల్లులు తెలుసుకోవాలి

ఆర్చరీలో మన దేశంలో ప్రధానంగా మూడు విభాగాలు ఉంటాయి. మీ పిల్లలు ఏ విభాగంలో ఆడాలనుకుంటున్నారో తెలియకుండా విల్లు కొంటే అది మూలన పడటం ఖాయం.

ఇండియన్ రౌండ్: ఇది పూర్తిగా మన దేశంలో ఉన్న విభాగం. వెదురు విల్లు, వెదురు బాణాలు. గురి చూసే సైట్ ఉండదు, బ్యాలెన్స్ కోసం ముందుకు పొడుచుకొచ్చే రాడ్లు ఉండవు. పిల్లాడి కన్ను, చెయ్యి, అంతే. స్కూల్ గేమ్స్‌లోనూ, జాతీయ పోటీల్లోనూ ఈ విభాగం ఉంది. సీనియర్ స్థాయిలో 50 మీటర్లు, 30 మీటర్ల దూరం నుంచి వేస్తారు. ఏజెన్సీ పిల్లలకు అన్నిటికంటే దగ్గరి దారి ఇదే.

రికర్వ్: ఒలింపిక్స్‌లో కనిపించే విల్లు ఇది. విల్లు చివర్లు ముందుకు వంగి ఉంటాయి. మధ్యలో చేత్తో పట్టుకునే భాగాన్ని రైజర్ అంటారు. పైనా కిందా వంగే రెండు రెక్కల్ని లింబ్స్ అంటారు. పెద్దల పోటీల్లో 70 మీటర్ల దూరం, 122 సెంటీమీటర్ల టార్గెట్. అందులో 10 పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లే. అంటే డెబ్బై మీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న పళ్లేన్ని కొట్టినట్టు.

కాంపౌండ్: జ్యోతి సురేఖ, చికిత ఆడేది ఇదే. చివర్లలో చక్రాలు ఉంటాయి. పూర్తిగా లాగాక బరువు చాలా వరకు తగ్గిపోతుంది కాబట్టి ఎక్కువ సేపు గురి చూడొచ్చు. 50 మీటర్ల నుంచి వేస్తారు. 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ తొలిసారి అడుగు పెడుతోంది. కానీ ఇది మిషన్ లాంటి విల్లు. సెట్టింగ్ చేయడానికి ప్రత్యేకమైన ప్రెస్ కావాలి, తెలిసిన మనిషి కావాలి. కోచ్ దగ్గర లేకుండా మొదటి విల్లుగా కాంపౌండ్ కొనడం మంచిది కాదు.

ఇంట్లో ఉన్న విల్లు పనికిరాదా?

ఇది గూడేల్లో చాలామందికి వచ్చే ప్రశ్న. తాత చేసిన విల్లు ఇంట్లోనే ఉంది కదా, మళ్లీ కొనడం ఎందుకు అని.

సరదాగా లాగి చూడటానికి, చేతికి అలవాటు కావడానికి పనికొస్తుంది. కానీ పోటీకి సిద్ధం కావాలంటే రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అది పెద్ద మనిషి బలానికి చేసిన విల్లు. ఎంత బరువు లాగుతుందో ఎవరూ కొలిచి ఉండరు. 13 ఏళ్ల పిల్లాడి చేతికి అది ఎక్కువ కావచ్చు. రెండు, బాణాలు ఒకదానికి ఒకటి పోలి ఉండవు. ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి కాస్త వంకర. అడవిలో దగ్గరి నుంచి కొట్టేటప్పుడు ఆ తేడా తెలియదు. 30 మీటర్ల టార్గెట్ ముందు నిలబడితే మాత్రం పిల్లాడు సరిగ్గా వేసినా బాణం వేరే చోట పడుతుంది. తప్పు తనదో బాణానిదో తెలియదు. అలా ఎప్పటికీ నేర్చుకోలేడు.

ఇంకో మాట. విల్లు పట్టుకున్నాం కదా అని అడవిలో పిట్టల మీద, జంతువుల మీద ప్రాక్టీస్ చేస్తే అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కేసు అవుతుంది. పక్కనే కిన్నెరసాని అభయారణ్యం ఉన్న జిల్లా ఇది. చిన్న వయసులో కేసు పడితే ఆట సంగతి తర్వాత, చదువు, ఉద్యోగం కూడా చిక్కుల్లో పడతాయి. ఈ విషయం పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

లెక్క 1: చేతుల పొడవు కొలవండి

విల్లు కొనడం అంటే చెప్పులు కొన్నట్టే. కాలి సైజు తెలియకుండా చెప్పులు ఎలా కొనలేమో, డ్రా లెంగ్త్ తెలియకుండా విల్లు కొనకూడదు. డ్రా లెంగ్త్ అంటే మీ పిల్లలు తాడును పూర్తిగా వెనక్కి లాగినప్పుడు వచ్చే దూరం.

ఇంట్లోనే కొలవొచ్చు. పిల్లాడిని గోడకు ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ పక్కలకు పూర్తిగా చాపమనండి. ఒక చేతి మధ్యవేలి చివర నుంచి రెండో చేతి మధ్యవేలి చివర దాకా టైలర్ టేపుతో కొలవండి. వచ్చిన సంఖ్యను 2.5తో భాగించండి. అదే సుమారుగా డ్రా లెంగ్త్.

ఉదాహరణకు, తొమ్మిదో తరగతి చదివే పిల్లాడి చేతుల పొడవు 160 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 2.5తో భాగిస్తే 64 సెంటీమీటర్లు. అంగుళాల్లో చెప్పాలంటే 25 అంగుళాల పైచిలుకు. ఇక ఆ పిల్లాడికి 66 అంగుళాల రికర్వ్ విల్లు సరిపోతుంది. డ్రా లెంగ్త్ 24 అంగుళాల లోపు ఉన్న చిన్న పిల్లలకు 62 లేదా 64 అంగుళాలు, 26 నుంచి 28 మధ్య ఉన్నవాళ్లకు 66 లేదా 68 అంగుళాల విల్లు చూస్తారు. విల్లు మరీ పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు తాడు వేళ్లను నొక్కేస్తుంది.

లెక్క 2: బరువు... ఇక్కడే అందరూ దెబ్బతినేది

విల్లును లాగడానికి ఎంత బలం కావాలో దాన్ని డ్రా వెయిట్ అంటారు. దీన్ని పౌండ్లలో చెబుతారు. ఒక పౌండు అంటే 450 గ్రాముల పైచిలుకు.

'పిల్లాడు పెరుగుతున్నాడు కదా, కాస్త ఎక్కువ బరువుది తీసుకుంటే రెండేళ్లు వస్తుంది' అని చాలామంది ఆలోచిస్తారు. యూనిఫాం విషయంలో ఈ లెక్క పనికొస్తుంది. విల్లు విషయంలో మాత్రం అస్సలు పనికిరాదు. బరువు ఎక్కువైతే పిల్లాడు వీపు కండరాలతో లాగడం మానేసి భుజం పైకెత్తి, నడుం వెనక్కి వంచి లాగుతాడు. ఆ తప్పు అలవాటైతే పోగొట్టడానికి నెలలు పడుతుంది. భుజం నొప్పి వస్తే ఆట మొత్తమే ఆగిపోతుంది.

టీనేజ్‌లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 14 నుంచి 20 పౌండ్ల మధ్య విల్లు చాలు. అంటే 6 నుంచి 9 కిలోలు. 'ఇంతేనా?' అనిపించొచ్చు. కానీ ఒక రోజు ప్రాక్టీస్‌లో 60, 70 సార్లు లాగాలి. పెద్దల పోటీల్లో ర్యాంకింగ్ రౌండ్‌కు 72 బాణాలు వేస్తారు. ఒక్కసారి లాగడం కాదు, డెబ్బై రెండోసారి కూడా మొదటిసారి లాగినట్టే లాగాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. విల్లు మీద రాసి ఉండే బరువు 28 అంగుళాలు లాగినప్పుడు వచ్చేది. అంతకంటే తక్కువ లాగితే అంగుళానికి సుమారు 2 పౌండ్ల చొప్పున తగ్గుతుంది. పైన చెప్పిన పిల్లాడు 25 అంగుళాలే లాగుతాడు కాబట్టి, 20 పౌండ్లు అని రాసి ఉన్న విల్లు అతని చేతిలో 14 పౌండ్ల దగ్గరే ఉంటుంది. ఈ లెక్క షాపువాడు చెప్పకపోవచ్చు. మీరే అడగాలి.

సరిపోయిందో లేదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. బాణం పెట్టి, టార్గెట్ వైపు తిరిగి, పూర్తిగా లాగి పట్టుకోమనండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా చెయ్యి వణక్కుండా నిలబడితే ఆ బరువు సరిపోయినట్టు. మూడు, నాలుగు అంకెలకే వణుకు మొదలైతే విల్లు బరువు ఎక్కువ. మొహమాటం లేకుండా తగ్గించాలి.

లెక్క 3: చెయ్యి కాదు, కన్ను చూడాలి

విల్లులో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అని రెండు రకాలున్నాయి. ఒకసారి కొన్నాక మార్చలేం. అన్నం తినే చెయ్యి చూసి కొనేస్తే పొరపాటే. అసలు చూడాల్సింది ఏ కన్ను బలంగా ఉందో.

రెండు అరచేతులూ ముందుకు చాపి, మధ్యలో చిన్న సందు ఉండేలా ఒకదానిపై ఒకటి పెట్టమనండి. ఆ సందులోంచి రెండు కళ్లతో దూరంగా ఉన్న గడియారాన్నో, స్తంభాన్నో చూడమనండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే కనిపిస్తుందో అదే బలమైన కన్ను. అది కుడి కన్నయితే కుడిచేత్తో తాడు లాగే విల్లు, ఎడమ కన్నయితే ఎడమచేత్తో లాగే విల్లు తీసుకోవడం మంచిది. పరీక్ష రెండు మూడుసార్లు చేసి చూడండి. పైసా ఖర్చు లేదు.

మరి ధర ఎంత?

ధరలు బ్రాండ్‌ను బట్టి, షాపును బట్టి మారుతూ ఉంటాయి. స్థూలంగా నాలుగు మెట్లు అనుకోవచ్చు.

* మొదటి మెట్టు: ఇండియన్ రౌండ్ వెదురు విల్లు, బాణాలు. కొన్ని వేల రూపాయల్లో అయిపోతుంది. స్కూల్ గేమ్స్ లక్ష్యం అయితే ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

* రెండో మెట్టు: చెక్క రైజర్‌తో విడదీసే రికర్వ్ విల్లు. శామిక్ పొలారిస్ లాంటివి ఈ రకం. సుమారు 8 వేల నుంచి 15 వేల రూపాయల మధ్య ఆలోచించుకోవాలి. లింబ్స్ విప్పి మార్చుకోవచ్చు కాబట్టి పిల్లాడు పెరిగాక మొత్తం విల్లు మార్చక్కర్లేదు.

* మూడో మెట్టు: లోహపు రైజర్, మంచి లింబ్స్, సైట్‌తో వచ్చే విల్లు. పదివేలల్లో ఉంటుంది. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడటం మొదలయ్యాకే దీని జోలికి వెళ్లాలి.

* నాలుగో మెట్టు: జాతీయ, అంతర్జాతీయ స్థాయి రికర్వ్ లేదా కాంపౌండ్ కిట్. రెండు, మూడు లక్షలు అవుతుంది, ఇంకా ఎక్కువ కూడా కావొచ్చు. ఇది సొంత డబ్బుతో కొనాల్సిన వస్తువు కాదు. ఆ స్థాయికి చేరిన పిల్లలు అకాడమీ, ప్రభుత్వం, స్పాన్సర్ల సాయం కోసం ప్రయత్నించాలి.

500, 1000 రూపాయలకు దొరికే ప్లాస్టిక్ విల్లు, రబ్బరు కప్పు బాణాలు పుట్టినరోజు బహుమతికి బాగుంటాయి. ఆర్చరీకి కాదు.

విల్లు ఒక్కటే కాదు... ఇవి కూడా లెక్కలో వేసుకోండి

విల్లు ధర చూసి 'ఇంతేనా' అనుకుని ఆర్డర్ పెట్టేస్తారు. తీరా ఇంటికొచ్చాక మిగతావి కొనాలంటే మళ్లీ డబ్బులు కావాలి. మొదట్లో తప్పనిసరిగా కావాల్సినవి ఇవే.

ఆరు నుంచి పన్నెండు బాణాలు. డ్రా లెంగ్త్ కంటే రెండు అంగుళాలు పొడవు ఉండాలి. పైన చెప్పిన పిల్లాడికి 27 అంగుళాల బాణాలు అన్నమాట. రెండు కారణాలు. కొత్తలో పిల్లలు ఎక్కువ లాగేస్తే పొట్టి బాణం విల్లు లోపలికి జారి చేతికి గుచ్చుకునే ప్రమాదం ఉంది. పైగా ఏడాదిలో పిల్లాడి చేతుల పొడవు 5 సెంటీమీటర్లు పెరిగినా డ్రా లెంగ్త్ పెరిగేది 2 సెంటీమీటర్లే. కాబట్టి అవే బాణాలు వస్తాయి. బాణం గట్టితనాన్ని స్పైన్ అంటారు. తేలిక విల్లుకు గట్టి బాణం, బరువైన విల్లుకు మెత్తని బాణం పనిచేయవు. విల్లు బరువు, డ్రా లెంగ్త్ చెప్పి దానికి తగ్గ స్పైన్ అడిగి తీసుకోవాలి.

వేళ్లకు ఫింగర్ ట్యాబ్, ముంజేతికి ఆర్మ్ గార్డ్. ఈ రెండూ లేకుండా ఒక్క బాణం కూడా వేయనివ్వొద్దు. తాడు తగిలి ముంజేయి కమిలిపోతే ఆ భయం చాలా రోజులు పోదు. పొడవు జుట్టు ఉన్న అమ్మాయిలు జడ వెనక్కి కట్టుకోవాలి. చెస్ట్ గార్డ్ కూడా ఉంటే మంచిది.

విల్లుకు తాడు ఎక్కించడానికి బో స్ట్రింగర్. కొద్ది డబ్బులకే వచ్చే ఈ తాడు లేకుండా, విల్లును కాలికి ఆనించి వంచితే లింబ్స్ మెలి తిరుగుతాయి. కొత్త విల్లు మొదటి వారమే పాడయ్యేది చాలావరకు ఇలాగే.

బాణాలు పెట్టుకునే అమ్ములపొది మాత్రం కొనక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కుట్టించినా సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

నిక్షేపంగా తీసుకోవచ్చు. పిల్లలు పెరిగే కొద్దీ విల్లులు మారతాయి కాబట్టి సీనియర్ల దగ్గర తక్కువ వాడినవి దొరుకుతాయి. హైదరాబాద్‌తో పోలిస్తే భద్రాచలానికి విజయవాడే దగ్గర. అక్కడ ఓల్గా ఆర్చరీ అకాడమీ లాంటివి ఏళ్లుగా నడుస్తున్నాయి. ఆడే పిల్లలు ఎక్కువగా ఉన్న చోట పాత విల్లు గురించి వాకబు చేయడం తేలిక. అయితే ఇవి చూసుకోకుండా డబ్బులు ఇవ్వొద్దు.

లింబ్స్ మీద వేలు పెట్టి చివర దాకా జరపాలి. పగుళ్లు, పొరలు లేచిన చోటు తగిలితే వద్దనేయాలి. తాడు ఎక్కించి కింది నుంచి పైకి చూడాలి. తాడు రెండు లింబ్స్‌కూ సరిగ్గా మధ్యలో కనిపించాలి. ఒక పక్కకు జరిగితే లింబ్ మెలి తిరిగినట్టే. రైజర్‌లో లింబ్స్ బిగించే బోల్టులు చేత్తో తిప్పితే తిరగాలి, మరలు అరిగి ఉండకూడదు. తాడు పోగులు లేచి ఉంటే కొత్త తాడు ధర తగ్గించి అడగాలి. పాత చెక్క విల్లుకు డాక్రాన్ తాడే వేయాలి. అసలు సాగని కొత్త రకం తాళ్లు వేస్తే విల్లు చివర్లు చిట్లుతాయి.

కార్బన్ బాణాలైతే రెండు చివర్లూ పట్టుకుని కొద్దిగా వంచి చెవి దగ్గర పెట్టి వినాలి. చిటపట శబ్దం వస్తే లోపల చీలిక ఉన్నట్టు. ఆ బాణం వేస్తే వదిలే సమయంలో ముక్కలై చేతిలో దిగబడుతుంది. దాన్ని విరిచి పారేయాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు. అల్యూమినియం బాణం వంగిందో లేదో తెలియాలంటే గచ్చు మీద దొర్లించి చూస్తే చాలు.

కొనే ముందు ఆరు నెలలు ఆగితే?

నిజానికి అన్నిటికంటే చౌకైన విల్లు... కొనని విల్లే. పిల్లాడికి నిజంగా ఇష్టం ఉందో లేదో తేలేదాకా శిక్షణ కేంద్రంలోని విల్లుతోనే నేర్పించడం తెలివైన పని. మొదటి నెలలో ఎలాగూ నిలబడే తీరు, లాగే తీరే నేర్పిస్తారు. దానికి విల్లు కూడా అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబును కత్తిరించి, విల్లు పట్టుకున్నట్టు నిలబడి గడ్డం కిందికి లాగి పట్టుకోవడం రోజూ పది నిమిషాలు చేస్తే వీపు కండరాలు గట్టిపడతాయి. నెల రోజులు ఆ పని విసుక్కోకుండా చేసిన పిల్లాడికి విల్లు కొనొచ్చు. రెండో రోజే ట్యూబు మూల పడేస్తే మీ డబ్బులు మిగిలినట్టే.

మరి శిక్షణ ఎక్కడ? రాష్ట్ర క్రీడా పాఠశాలల్లో ప్రవేశం నాలుగో తరగతిలోనే ఉంటుంది. కాబట్టి టీనేజ్ పిల్లలకు ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. గిరిజన ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, ఏకలవ్య స్కూళ్లలో చదివే పిల్లలు ముందు పీఈటీ సారును కలవాలి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-14, అండర్-17, అండర్-19 వయసు విభాగాలు ఉంటాయి. జిల్లా సెలక్షన్ ఎప్పుడో ఆయనకు తెలుస్తుంది. ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియంలోనూ, కొత్తగూడెంలోనూ జిల్లా క్రీడా శాఖ అధికారులను అడిగి ఆర్చరీ కోచింగ్ వివరాలు తెలుసుకోవచ్చు. గిరిజన పిల్లలైతే భద్రాచలం ఐటీడీఏలో సోమవారం జరిగే గిరిజన దర్బార్‌లో కిట్ కోసం అర్జీ పెట్టుకోవచ్చు. స్కూల్ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, ఆడిన పోటీల సర్టిఫికెట్లు జత చేస్తే అర్జీకి బలం ఉంటుంది. అందుకే మండల స్థాయి సర్టిఫికెట్ అయినా సరే జాగ్రత్తగా దాచుకోవాలి.

ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేస్తున్నారా? జాగ్రత్త!

టార్గెట్ కోసం వేలు పోయక్కర్లేదు. రెండు మూడు గోనె సంచుల్లో పాత బట్టలు గట్టిగా కుక్కి కట్టేస్తే తేలిక విల్లుకు సరిపోతుంది. ఎండు వరిగడ్డిని మోపుగా బిగించి కట్టినా పనిచేస్తుంది. దాని మీద కాగితంతో టార్గెట్ అంటించాలి. మధ్యలో పసుపు, తర్వాత ఎరుపు, నీలం, నలుపు, తెలుపు. పసుపులో 10, 9 పాయింట్లు, చివరి తెలుపులో 2, 1. మొదటి నెల 5 మీటర్ల నుంచే వేయించాలి. దూరం పెంచడానికి తొందర వద్దు.

టార్గెట్ వెనక మట్టి గట్టో, గోడో ఉండాలి. వెనక దారి గానీ, పశువులు మేసే చోటు గానీ ఉండకూడదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఆడితే అందరూ ఒకే గీత మీద నిలబడాలి. అందరి బాణాలూ అయిపోయి, విల్లులు కింద పెట్టాకే బాణాలు తెచ్చుకోవడానికి వెళ్లాలి. పోటీల్లో దీనికి విజిల్ పద్ధతి ఉంటుంది. రెండు విజిళ్లు వేస్తే గీత మీదికి రావాలి, ఒక విజిల్‌కు బాణం వేయాలి, మూడు విజిళ్లకు బాణాలు తెచ్చుకోవాలి. ఇంటి దగ్గర కూడా ఇదే అలవాటు చేయండి.

బాణం పెట్టకుండా ఉత్త తాడు లాగి వదలకూడదు. చూసేవాళ్లు సరదాకి చేసే పని ఇదే. బాణంలోకి పోవాల్సిన బలమంతా తిరిగి విల్లులోకే వచ్చి లింబ్స్ చీలిపోతాయి. 'ఒకసారి ఇటియ్యిరా' అని అడిగే బావలకు, మామయ్యలకు ముందే ఈ మాట చెప్పి ఇవ్వండి!

ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ప్రాంతం ఇది. విల్లును రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన ఆటోలో వదిలేస్తే అతికించిన పొరలు ఊడిపోతాయి. ప్రాక్టీస్ అయ్యాక తాడు విప్పి, ఇంట్లో నీడపట్టున బల్ల మీద అడ్డంగా పెట్టాలి. వానాకాలంలో తడిస్తే పొడి గుడ్డతో తుడవాలి. వెదురు విల్లుకైతే పురుగు పట్టకుండా అప్పుడప్పుడూ చూసుకోవాలి.

బరువు ఎప్పుడు పెంచాలి?

మొదటి విల్లు తీసుకున్న కొన్ని నెలలకు బాణాలన్నీ ఒకే చోట పడటం మొదలవుతుంది. అప్పుడు రెండేసి పౌండ్ల చొప్పున మాత్రమే పెంచాలి. ఒకేసారి 18 నుంచి 28కి దూకకూడదు. విడదీసే విల్లు అయితే లింబ్స్ జత మార్చుకుంటే సరిపోతుంది. పాత లింబ్స్‌ను కొత్తగా చేరిన పిల్లలకు సగం ధరకు ఇచ్చేయొచ్చు. ఒక ఊళ్లో నలుగురు పిల్లలు కలిసి నేర్చుకుంటే ఇద్దరికి ఒక విల్లు చొప్పున కొని, డ్రా లెంగ్త్ దగ్గరగా ఉన్నవాళ్లు పంచుకోవచ్చు. ట్యాబ్, ఆర్మ్ గార్డ్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

చివరగా... షాపుకెళ్లే ముందు ఒక కాగితం

ఒక కాగితం మీద ఐదు విషయాలు రాసుకుని వెళ్లండి. చేతుల పొడవు, డ్రా లెంగ్త్, బలమైన కన్ను, పిల్లాడు వణక్కుండా పట్టగలిగే బరువు, ఆడాలనుకుంటున్న విభాగం. ఆన్‌లైన్‌లో కొన్నా, విజయవాడ వెళ్లి కొన్నా, సీనియర్ దగ్గర పాతది తీసుకున్నా ముందు ఈ ఐదూ చెప్పి ఆ తర్వాతే ధర అడగాలి. వీలైతే పిల్లాడిని వెంట తీసుకెళ్లి చేత్తో లాగించి చూడాలి. ఇవేమీ అడగకుండా 'ఇది బాగా అమ్ముడుపోతోంది, తీసుకోండి' అనే షాపులో కొనకపోవడమే మంచిది.

ఏజెన్సీ పిల్లలకు గురి ఎవరూ నేర్పక్కర్లేదు అంటుంటారు. అది పొగడ్తే కావొచ్చు, కానీ గురి ఒక్కటే ఉంటే చాలదు. సరైన బరువున్న విల్లు, ఒకేలా ఉండే ఆరు బాణాలు, పక్కన నిలబడి భుజం దించమని చెప్పే ఒక సారు కావాలి. ఈ మూడిట్లో మొదటి రెండూ ఇంట్లోవాళ్లు కాస్త లెక్క చూసుకుని కొంటే కొన్ని వేల రూపాయల్లో అయిపోతాయి. మూడోది మాత్రం డబ్బుతో దొరకదు, వెతుక్కోవాలి. విల్లు కంటే ముందు ఆ సారును వెతకండి. ఏ విల్లు కొనాలో ఆయనే చెబుతారు.